కబడ్డీ లీగ్‌కి కథ అల్లాలి, జనానికి ఓటు ఇవ్వాలి: ఎంతవరకు?

కూతకెళ్దాం (ప్రశ్న)

మండల స్థాయిలో 8 జట్ల కబడ్డీ లీగ్ పెడుతున్నాం. మొత్తం 28 లీగ్ మ్యాచ్‌లు. శని, ఆదివారాల్లో రోజుకు 4 చొప్పున 7 సాయంత్రాలు, ఎనిమిదో సాయంత్రం సెమీస్, ఫైనల్. యూట్యూబ్, ఇన్‌స్టా, వాట్సాప్ ఛానల్ మూడూ ఉన్నాయి. ఒక కెమెరా, ఒక ఎడిటర్. మ్యాచ్ చూసి వెళ్లిపోవడం కాకుండా జనం వారమంతా దీని గురించే మాట్లాడుకోవాలి. ఏ కథ ఎక్కడ చెప్పాలి? ఓటింగ్ పెడితే దేనికి పెట్టాలి, ఎలా పెట్టాలి? ఇంకోటి, స్పాన్సర్లలో ఒక పార్టీ నాయకుడున్నారు. ఓటింగ్ ఆయన పార్టీ యాప్‌లో పెట్టమంటున్నారు. ఏం చేయమంటారు?

తెరచాటు

ఒకే క్లిప్ మూడు చోట్లా వేస్తే అది జిరాక్స్, కథ కాదు. ఒక్కోచోట ఒక్కో ముక్క ఉండాలి. ఏ ముక్కకాముక్క చూసినా అర్థం కావాలి, అన్నీ చూసినవాడికి మాత్రం ఇంకాస్త ఎక్కువ దక్కాలి.

మన దగ్గర దీన్ని బాగా చేసి చూపించింది బాహుబలి. 2015 జూలైలో మొదటి భాగం ఒక ప్రశ్నతో ఆగింది, 2017 ఏప్రిల్ దాకా జవాబు లేదు. రెండో భాగానికి కాస్త ముందు శివగామి పడుచుదనం మీద నవల, అన్నదమ్ముల కుర్రతనం మీద యానిమేషన్ సిరీస్ వచ్చాయి. రెండూ వెనక్కి వెళ్లి కథ చెప్పాయే గానీ కట్టప్ప ఎందుకు చంపాడన్న జోలికి పోలేదు. జవాబు థియేటర్లోనే. మీకు థియేటర్ అంటే గ్రౌండే. కాబట్టి యూట్యూబ్‌లో ప్రశ్న వేయండి, జవాబు కోర్టులో దొరకనివ్వండి.

ఉదాహరణకు, ఒక జట్టు రైడర్ (కూతకెళ్లేవాడు) కుడివైపు బోనస్‌కే, అంటే బోనస్ గీత దాటితే వచ్చే అదనపు పాయింటుకే, కాలు చాస్తాడనుకోండి. బుధవారం 5 నిమిషాల వీడియోలో అతని అడుగులు నెమ్మదిగా చూపించండి. అవతలి జట్టు లెఫ్ట్ కార్నర్ (ఎడమ చివర నిలబడేవాడు) చేసే యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు) ప్రాక్టీసు శుక్రవారం ఇన్‌స్టాలో 30 సెకన్లు, సరిగ్గా ఒక కూతకిచ్చే సమయమంత. వాట్సాప్‌లో ఒక్క ముక్క: "శనివారం మూడో మ్యాచ్‌లో ఎదురుపడుతున్నారు". అంతకంటే చెప్పొద్దు.

8 జట్లకీ 8 కథలంటే ఒక ఎడిటర్ వల్ల కాదు. 3 కథలు తీసుకోండి, అదీ ఒక్క మనిషి చుట్టూ కాకుండా జోడీలుగా. రెండో వారం మోకాలు పట్టేసి హీరో బెంచీ మీద కూర్చుంటే ఒంటరి కథ అక్కడితో సరి, జోడీ అయితే రెండోవాడితో నడుస్తుంది. మిగతా జట్లవాళ్లు అలగకుండా తలా ఒక నిమిషం పరిచయం చేస్తే సరి. ఎవర్నీ విలన్ చేయొద్దు. సినిమాలో విలన్ షూటింగ్ అయ్యాక ఇంటికెళ్తాడు, ఈ కుర్రాడు మర్నాడు అదే ఊళ్లో పాలు పోయించుకోవాలి.

ఒక గూగుల్ షీట్ పెట్టుకోండి: పేరు స్పెల్లింగు, జెర్సీ నంబరు, ఊరు, ఏ సంగతి ఎక్కడ ఏ తేదీన చెప్పాం. ఇది లేకపోతే యూట్యూబ్‌లో ఒక ఊరు, పోస్టర్లో ఇంకో ఊరు పడుతుంది. ఆ తప్పు పట్టుకున్నవాడు తర్వాత ఏదీ నమ్మడు.

గోళీసోడా

కథ గురించి తెరచాటు గారు చెప్పేశారు, ఓటు సంగతి నేను చెప్తా. ఆట ఫలితాన్ని తాకేది ఏదీ ఓటుకు పెట్టొద్దు. ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసుల్లో 2014 నుంచి ఫ్యాన్‌బూస్ట్ ఉండేది. అభిమానుల ఓట్లు ఎక్కువ పడ్డ డ్రైవర్లకు రేసులో కొన్ని సెకన్లు అదనపు పవర్ దొరికేది. బాగా నడిపేవాడికి కాకుండా ఫాలోయర్లు ఎక్కువున్నవాడికి దక్కుతోందని గొడవ. 2022 సీజన్‌తో ఎత్తేశారు, 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున రేసు జరిగేనాటికి అది లేదు.

ఇస్తామని ఇవ్వకపోవడం ఇంకో తప్పు. ఇంగ్లండ్‌లో ఎబ్స్‌ఫ్లీట్ యునైటెడ్ ఫుట్‌బాల్ క్లబ్బుని 2008లో ఒక వెబ్‌సైటు సభ్యులు తలా 35 పౌండ్లు వేసుకుని కొన్నారు. జట్టును కూడా మీరే ఎంచుకుంటారన్నది ఊరింపు, తీరా చూస్తే ఎంపిక కోచ్ దగ్గరే ఉండిపోయింది. ఆ ఏడాదే ఎఫ్‌ఏ ట్రోఫీ అనే కప్పు గెలిచినా సభ్యత్వం రెన్యువల్‌కి చాలామంది జారుకున్నారు. 2013లో క్లబ్బు చేతులు మారింది.

అందుకే చిన్నది ఇవ్వండి, ఇచ్చింది నిజంగా ఇవ్వండి. "జనం మెచ్చిన కూత", "జనం మెచ్చిన పట్టు" అని రెండు బహుమతులు చాలు. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ అంపైర్లదే. రోజుకు 3 కూతలు, 3 పట్లు ప్యానెల్ ఎంచాలి, ఒక జట్టు నుంచి ఒక్కటే. లేకపోతే ఏ ఊళ్లో ఆడితే ఆ ఊరి పిల్లాడే గెలుస్తాడు.

ఫోన్ల మీద ఆధారపడొద్దు. గ్రౌండ్‌లో రెండు వేలమంది చేరితే డేటా కదలదు. మామూలు సిమ్‌కి మిస్డ్‌కాల్ ఇమ్మంటే ఒకరు మోగిస్తున్నంతసేపు మిగతావాళ్లకు ఎంగేజ్ వస్తుంది. నంబరు వేసిన టికెట్టు రెండు ముక్కలుగా అచ్చు వేయించండి, చింపిన ముక్క తమకు నచ్చిన ఆటగాడి ఫొటో అంటించిన డబ్బాలో వేస్తారు. ఒక టికెట్టు, ఒక కూత ఓటు, ఒక పట్టు ఓటు, అంటే చింపే ముక్కలు రెండు. మూడో మ్యాచ్ అయ్యాక ఓటింగ్ మొదలుపెట్టి, నాలుగో మ్యాచ్ హాఫ్‌టైమ్‌కి ఆపేయండి. రెండో హాఫ్ 20 నిమిషాల్లో నలుగురు కూర్చుని 50 చొప్పున కట్టలు కడితే లెక్క తేలుతుంది. నాలుగో మ్యాచ్ కూతలు తర్వాతి రోజు జాబితాలో కలపండి, ఈ సంగతి ముందే మైకులో చెప్పండి. ప్రకటించేటప్పుడు శాతాలు వద్దు, ఓట్ల సంఖ్యే చదవండి.

వాట్సాప్ గ్రూపులో పోల్ పెడితే ఎవరు ఎవరికి వేశారో అందరికీ కనిపిస్తుంది, ఊళ్లో అదో తగాదా. ఛానల్ పోల్‌లో పేర్లు కనపడవు గానీ దొంగ ఓట్లు పట్టుకోలేం. ఎంట్రీ పాట ఏది వేయాలి లాంటివాటికి సరిపోతుంది.

రచ్చబండ

బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఒక హాస్యగాడు, ఒక రాజకీయుడు ఉంటారు. రాజకీయుడు ఊరి సంగతులు కథలోకి లాగుతాడు. రాజకీయం కథలోకి రావడం మనకు కొత్త కాదు. అయితే అక్కడ రాజకీయుడెవరో చూసేవాడికి తెలుసు. పార్టీ యాప్‌లో కూతకి ఓటేసేవాడికి తన ఫోన్ నంబరు ఎక్కడికి పోతోందో తెలియదు.

నాయకుడికి కావాల్సింది ఓటింగ్ కాదు, ఆ నంబర్లే. బీజేపీ 2014లో మిస్డ్‌కాల్‌తో సభ్యత్వం మొదలుపెట్టినప్పుడు ఒక్కో మిస్డ్‌కాల్‌తో ఒక్కో నంబరు చేతికొచ్చింది. 2022 జనవరిలో పంజాబ్ ముఖ్యమంత్రి అభ్యర్థి ఎవరో ఫోన్ చేసి చెప్పండని ఆప్ అడిగింది. 21 లక్షలకు పైగా స్పందనలు వచ్చాయని, 93 శాతం భగవంత్ మాన్‌కేనని పార్టీయే ప్రకటించింది. అది సొంత పేరుతో పార్టీ నడిపిన ప్రచారం, జనానికీ తెలుసు. మీది ఆట. ఆట కోసం తీసుకున్న నంబరు అడగకుండా ఇంకొకరికిచ్చేస్తే 2023 డేటా రక్షణ చట్టం ఉద్దేశానికే విరుద్ధం. టికెట్టు ముక్కలతో ఓటు పెడితే ఇవ్వడానికి మీ దగ్గర నంబర్లే ఉండవు, గొడవే లేదు.

ఎన్నికల కోడ్ వస్తే పార్టీ గుర్తున్న బ్యానర్లు దించాల్సి వస్తుంది. ఆ మాట స్పాన్సర్‌షిప్ కాగితంలో ముందే రాసుకోండి. స్కోరు జోస్యం పోటీ పెడితే ఎంట్రీ ఫీజు పెట్టొద్దు. డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025 ఆగస్టు కేంద్ర చట్టం నిషేధించింది.

కూతకెళ్దాం

అందరికీ థాంక్స్. టికెట్టు ముక్కలే ఖాయం. ఒక్కటే మిగిలింది. యాప్ కాదంటే ఓటింగ్ బహుమతి తన చేత్తో ఇస్తానంటున్నారు ఆ నాయకుడు.

గోళీసోడా

ఇవ్వనివ్వండి, ఫైనల్ రోజు ఒక్కసారి. డబ్బాలు తెరిచి లెక్కపెట్టే బల్ల దగ్గర మాత్రం ఆయన మనుషులు ఉండకూడదు. అక్కడ ఆడే రెండు జట్లవీ కాని కెప్టెన్లు ఇద్దర్ని కూర్చోబెట్టి, కట్టల మీద సంతకాలు పెట్టించండి.