ఈ మధ్య పోయినవాళ్లలో పిల్లలకు ఎవరి గురించి చెప్పాలి?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
ఆదివారాలు మా అపార్ట్‌మెంట్‌లో పదిమంది పిల్లలకు తెలుగు నేర్పుతున్నాను. ఈమధ్య కన్నుమూసిన ప్రపంచ ప్రసిద్ధుల్లో ఒకరి గురించి చెప్పాలని ఉంది. చింపాంజీల మీద పరిశోధన చేసిన జేన్ గుడాల్ అనుకున్నాను. 2025 అక్టోబర్ 1న, 91 ఏళ్ల వయసులో, ప్రసంగాల కోసం ఊళ్లు తిరుగుతూనే పోయారు. ఇంకెవరైనా?

జవాబు:
ఆవిడే చాలండి. 1960లో టాంజానియాలోని గోంబేలో ఒక చింపాంజీ గడ్డిపుల్లను పుట్టలోకి దూర్చి చెదలు తినడం చూశారు. పనిముట్లు మనిషికే సొంతమనుకునే రోజులవి.

జవాబు:
అక్కా, నేనైతే జిమ్మీ కార్టర్ అంటాను. 2024 డిసెంబర్ 29న, నూరేళ్లు నిండాక పోయారు. అమెరికా అధ్యక్షుడిగా చేశారని కాదు, నారికురుపు అనే జబ్బును తరిమే పని చేసినందుకు. మాది కర్నూలు వైపు పల్లె. దిగుడుబావి నీళ్లు తాగి మా తాతకు ఆ జబ్బు వచ్చింది. కాలి పొక్కులోంచి తెల్లటి పురుగు దారంలా బయటికొస్తుంటే, తెగకుండా రోజుకు కాస్త పుల్లకు చుట్టేవారట. నాట్లప్పుడు మంచం దిగలేదు. ఆ మచ్చ నేను తడిమి చూశాను.

1986లో ప్రపంచంలో సుమారు 35 లక్షల కేసులు. కార్టర్ సంస్థ ఊరూరా నీళ్లు వడకట్టే గుడ్డలు పంచింది, మందూ టీకా లేకుండానే. 2024లో మనుషుల్లో 15 కేసులే. మన దేశానికి 2000లోనే విముక్తి వచ్చింది, అది మన ఆరోగ్య కార్యకర్తల కష్టం. వాళ్లనీ తలుచుకోండి.

ప్రశ్న అడిగినవారు:
తమ్ముడూ, కార్టర్ గురించే చెప్తాను. మీ తాతగారి సంగతి కూడా చెప్పొచ్చా? తెల్లదారం, పుల్ల తీసుకెళ్తాను.