ఆజాద్ వీసా మీద వెళ్లి సొంతంగా పని చేసుకుంటే అది సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంటా, దొంగ పనా?

కొత్తపేట కుర్రోడు:
మా బావ ఏసీ మెకానిక్, గుంటూరులోనే పదేళ్ల నుంచి చేస్తున్నాడు. విజయవాడలో ఒకాయన దుబాయ్ ఆజాద్ వీసా ఇప్పిస్తానంటున్నాడు, లక్షా అరవై వేలు, రెండేళ్లు. వీసా ఏదో కంపెనీ పేరు మీద ఉంటుందంట, పని మాత్రం బయట ఎక్కడ దొరికితే అక్కడ మనమే చేసుకోవచ్చంట, కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చిన అక్కడి యజమానికి, ఏడాదికి ఇంత అని కడితే చాలంట. బావకి టెన్త్ పోయింది, అందుకని పనికి వెళ్లాలంటే మన గవర్నమెంట్ క్లియరెన్స్ కావాల్సిన ఈసీఆర్ పాస్‌పోర్ట్. అక్క గాజులు తాకట్టు పెడదామంటోంది. సొంతంగా పని చేసుకునేవాళ్లకి అక్కడ వేరే రిజిస్ట్రేషన్ ఉంటుందని ఎవరో అన్నారు, తెలిసినవాళ్లు చెప్పండి.

పటమట రావు:
ఆజాద్ వీసా అనేది లేదు. యూఏఈ చట్టంలో ఎక్కడా ఆ మాట లేదు. సొంతంగా చేసుకోవాలంటే ఫ్రీలాన్స్ పర్మిట్ తీసుకోవాలి, లేకపోతే ట్రేడ్ లైసెన్స్. నేను దుబాయ్‌లో ఈవెంట్లకి వీడియోలు తీస్తా, మీడియా ఫ్రీలాన్స్ పర్మిట్‌కే ఏడాదికి 7,500 దిర్హాంలు కడుతున్నా, వీసా ఖర్చు దానికి వేరే. గాజులు తాకట్టు పెట్టొద్దని చెప్పు మీ అక్కకి.

పొన్నూరు సుబ్బారాయుడు:
లేదంటే ఎట్లా రావుగారూ, నేను తొమ్మిదేళ్లు షార్జాలో దాని మీదే బతికా. ప్లంబింగ్. ఇద్దరాడపిల్లల పెళ్లిళ్లు చేశా, ఊళ్లో స్లాబు వేశా. లేని వీసా మీద స్లాబు పడిద్దా?

పటమట రావు:
స్లాబు పడటం వేరు, వీసా ఉండటం వేరు. మీ దగ్గరున్నది ఎంప్లాయ్‌మెంట్ వీసా, ఆ కంపెనీలో పని చేస్తారని ఇచ్చింది. మీరు చెయ్యలేదు. దానికి ఆజాద్ అని పేరు పెట్టింది ఏజెంట్లు. 2024 లో చట్టం మార్చారు, పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకున్నా, మనిషిని తెప్పించి పని ఇవ్వకుండా వదిలేసినా కంపెనీకి లక్ష నుంచి పది లక్షల దిర్హాంల దాకా జరిమానా. ఇప్పుడు ఏ కఫీల్ ఊరికే రిస్క్ తీసుకుంటాడు, ఆ రిస్క్ అంతా మీ దగ్గరే గుంజుతాడు.

మిర్చి యార్డ్ మామ:
లక్షా అరవై పెట్టి ఇక్కడే సొంత ఏసీ షాపు పెట్టుకోమనండి. ఎండాకాలం గుంటూరు కంటే దుబాయ్ ఏం గొప్ప.

కొత్తపేట కుర్రోడు:
మామా అప్పులున్నాయి, అందుకే కదా.

పొన్నూరు సుబ్బారాయుడు:
రావుగారు చట్టం చెప్పారు, బానే ఉంది. మరి ఈ అబ్బాయి బావకి ఆ ఫ్రీలాన్స్ పర్మిట్ ఇస్తారా? అది చెప్పండి ముందు.

పటమట రావు:
గ్రీన్ వీసా అని ఉంది, 2022 నుంచి, అయిదేళ్లది, కఫీల్ అక్కర్లేదు. డిగ్రీ గానీ స్పెషలైజ్డ్ డిప్లొమా గానీ ఉండాలి, వెనక రెండేళ్లు సొంత పని మీద ఏడాదికి 3,60,000 దిర్హాంల ఆదాయం చూపించాలి.

పొన్నూరు సుబ్బారాయుడు:
హహ్హ. టెన్త్ పోయినోణ్ణి 3,60,000 దిర్హాంలు చూపించమంటున్నారు. అంత ఉంటే వాడు దుబాయ్ ఎందుకెళ్తాడండీ, దుబాయ్ వాణ్నే పొన్నూరు రమ్మంటాడు. కెమెరా పట్టుకున్నోడు ఫ్రీలాన్సరు, రెంచీ పట్టుకున్నోడు కల్లివల్లి, దొంగతనంగా ఉండేవాడు, అంతేగా మీ చట్టం.

కృష్ణలంక శర్మ:
అసలు మన దేశం వైపు నుంచి చూడాలి. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఈసీఆర్ పాస్‌పోర్ట్ వాళ్లు 18 దేశాలకి పనికి వెళ్లాలంటే క్లియరెన్స్ కావాలి, యూఏఈ అందులో ఉంది. దానికోసం మన గవర్నమెంట్ పెట్టిన ఈమైగ్రేట్ పోర్టల్‌లో యజమాని పేరు, కాంట్రాక్టు ఉండాలి. సొంతంగా చేసుకుంటా అనేవాడికి అక్కడ గడే లేదు. 2018 నవంబర్‌లో టెన్త్ పాసై క్లియరెన్స్ అక్కర్లేని ఈసీఎన్ఆర్ వాళ్లు కూడా 2019 జనవరి నుంచి రిజిస్టర్ చేసుకోవాల్సిందే అన్నారు, గోల అయ్యేసరికి ఆ నెలాఖరుకే ఆపేశారు. అది ఆపకుండా ఉండాల్సింది అని నా అభిప్రాయం. ఇంకో ముక్క, లైసెన్స్ ఉన్న ఏజెంట్ తీసుకోగలిగే ఫీజు 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ. లక్షా అరవై అన్నాడంటేనే అర్థం చేసుకోండి.

బెంజ్ సర్కిల్ బాబు:
30,000 కి పంపే ఏజెంట్ ఎవరో చెప్తే నేనూ వెళ్తా శర్మగారూ 😄

తెనాలి లక్ష్మి:
ఇక్కడ రాయకూడదు అనుకున్నా కానీ సుబ్బారాయుడు అన్నయ్యగారు స్లాబు గురించి చెప్తుంటే ఉండలేకపోయా. మావారు ఆజాద్ మీదే వెళ్లారు, పెయింటింగ్ పనికి. విజిట్ వీసా మీద పుషింగ్‌లో, అంటే క్లియరెన్స్ లేకుండా ఎయిర్‌పోర్ట్‌లో లోపాయికారీగా దాటించి, పంపించి అక్కడికెళ్లాక వీసా మార్చారు. నిచ్చెన మీద నుంచి పడి నడుము విరిగింది. పని ఇచ్చినాయన నా మనిషి కాదు అన్నాడు, కఫీల్ నా దగ్గర పని చెయ్యట్లేదు అన్నాడు. అప్పుడు తెలిసింది ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌తో వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా ఉంటుందని, 275 రూపాయలకి రెండేళ్లు, ప్రమాదంలో పోయినా శాశ్వతంగా పనికిరాకుండా పోయినా పది లక్షలు, యజమాని మారినా చెల్లుతుందంట. 275 రూపాయలు. మేము ఏజెంట్‌కి లక్షన్నర ఇచ్చాం.

కొత్తపేట కుర్రోడు:
అమ్మా, ఇప్పుడు ఎలా ఉన్నారండీ ఆయన?

తెనాలి లక్ష్మి:
కూర్చుని చేసే పనులు చేస్తారు బాబూ. మిషన్ కుట్టేది నేనే.

పటమట రావు:
చూశారా. ఇదే నేను చెప్పేది. ఆజాద్ వీసా లేదు.

పొన్నూరు సుబ్బారాయుడు:
లక్ష్మమ్మా నీ బాధ నాకు తెలీక కాదు. రావుగారూ మీరు మాత్రం ఆవిడ నడుము విరిగిన సంగతి తీసుకొచ్చి మీ పాయింటుకి అతికించుకోవద్దు. ఉందా లేదా అని ఒకటే పట్టుకుని కూర్చున్నారు. నేను నెలనెలా నా జీతం నేనే కట్టుకున్నానండీ, తెలుసా మీకు? అక్కడ జీతం బ్యాంకు ద్వారా పడినట్టు గవర్నమెంట్‌కి కనపడాలి కదా, అందుకని నేను క్యాష్ తీసుకెళ్లి కఫీల్‌కి ఇస్తే వాడు నా కార్డులో వేసేవాడు, ఆ డబ్బే మళ్లీ నేను తీసుకునేవాణ్ణి. గ్రాట్యుటీ లేదు. అన్నీ తెలిసే చేశా. ఎందుకంటే నాకు ఉన్న దారి అదొక్కటే.

పటమట రావు:
అంత బాగుంటే 2018 ఆమ్నెస్టీలో, వీసా లేనోళ్లని జరిమానా లేకుండా పంపేసినప్పుడు, ఔట్‌పాస్ కాగితం మీద ఎందుకొచ్చారు? ఇంకో చర్చలో మీరే రాశారు.

పొన్నూరు సుబ్బారాయుడు:
వచ్చా. కఫీల్ రెన్యువల్‌కి డబుల్ అడిగాడు, లేవన్నా, పారిపోయాడని కేసు పెట్టాడు. దొంగతనం చేశానా? మీకు ఇంత మంట ఎందుకండీ, మీ జేబులోంచి ఏం పోయింది?

పటమట రావు:
పోయింది కాబట్టే చెప్తున్నా. పెళ్లి ఫంక్షన్‌కి నేను 2,500 దిర్హాంలు చెప్తే పర్మిట్ లేని కుర్రాడు 900 కి ఒప్పుకుంటున్నాడు. మనవాళ్లే. తెలుగువాళ్ల ఫంక్షన్లే. నేను పర్మిట్ కట్టి, వీసా కట్టి, ఇన్సూరెన్స్ కట్టి ఎట్లా 900 కి చేస్తా? రూల్ పాటించినోడే వెధవా?

పొన్నూరు సుబ్బారాయుడు:
అదీ సంగతి. పొద్దుట్నించి లక్ష్మమ్మ నడుము, కుర్రోడి అక్క గాజులు అన్నారు, చివరికి మీ 2,500 అన్నమాట.

పటమట రావు:
నా 2,500 కూడా. తప్పేముంది? ఆ 900 కుర్రాడు పట్టుబడితే డిపోర్ట్ అవుతాడు, అతని మీద జాలి లేదని ఎవరన్నారు. కోపం మాత్రం ఉంది.

కృష్ణలంక శర్మ:
నేను చెప్పిన 2018 సర్క్యులర్ మీద ఎవరూ మాట్లాడలేదు.

బెంజ్ సర్కిల్ బాబు:
శర్మగారూ 🙏

పొన్నూరు సుబ్బారాయుడు:
కుర్రోడా, ఒక్కటి చెప్తా, రావుగారితో గొడవ వేరు. ఆఫర్ లెటర్ కాపీ అడుగు, అక్కడి లేబర్ మినిస్ట్రీ సైట్‌లో ఆ నంబర్ కొడితే కంపెనీ పేరు, జీతం కనపడాలి. నా రోజుల్లో ఇది ఎవరూ చెప్పలేదు. విజిట్ మీద పంపుతా అంటే మాత్రం వద్దు.

పటమట రావు:
ఇది కరెక్ట్. కంపెనీ పేరు వస్తే నాకు మెసేజ్ పెట్టు, ఆ ఆఫీసు నిజంగా ఉందో లేదో శుక్రవారం వెళ్లి చూసొస్తా.

కొత్తపేట కుర్రోడు:
బావ పక్కనే కూర్చుని మొత్తం చదివాడు. ఆఫర్ లెటర్ నంబర్ అడుగుదామని ఆయనే ఏజెంట్‌కి చేశాడు. విమానం ఎక్కే రోజు ఎయిర్‌పోర్ట్‌లో ఇస్తాం అన్నాడంట. మళ్లీ చేస్తే ఎత్తట్లేదు. గాజులు ఇంకా అక్క చేతికే ఉన్నాయి.