ఐదేళ్ల థరోబ్రెడ్ (రేసు జాతి) గుర్రంతో తొలి ఈవెంటింగ్: నీళ్లూ డిచ్‌ల దగ్గర ఆగుతున్నాడు, నెలలో దింపొచ్చా?

యలహంక_ట్రాట్:
అందరికీ నమస్తే. రేసు ట్రాక్ వదిలి ఏడాదైన గెల్డింగ్ (విత్తు కొట్టిన మగ గుర్రం), పాస్‌పోర్ట్ లెక్కన ఐదేళ్లు. షో జంపింగ్‌లో 90 సెంటీమీటర్లు హాయిగా దూకుతున్నాడు. నెల తర్వాత 80 సెంటీమీటర్ల ఈవెంటింగ్ క్లాస్ ఉంది (డ్రెస్సాజ్ అంటే కదలికల పరీక్ష, క్రాస్ కంట్రీ అంటే బయట మైదానంలో కంచెలూ నీళ్లూ దాటే పరుగు, షో జంపింగ్ మూడూ కలిసిన పోటీ). చిక్కులు ఇవీ: నీళ్లలో కాలు పెట్టడు, డిచ్ (కాలువలాంటి గుంట) కనబడితే పక్కకి తిరిగిపోతాడు, గ్యాలప్‌లో పగ్గాలు గుంజినకొద్దీ వేగం పెంచుతాడు. ఆప్టిమమ్ టైమ్ (క్రాస్ కంట్రీ ముగించాల్సిన నిర్ణీత సమయం) అందుకోవాలంటే ఏ స్పీడులో ప్రాక్టీస్ చేయాలి? స్టాప్‌వాచ్ కొన్నాను గానీ దానితో ఏం చేయాలో అర్థం కావట్లేదు.

డెక్కలచప్పుడు:
స్టాప్‌వాచ్ సంగతి తర్వాత, ముందు పెనాల్టీ లెక్క చూడండి. క్రాస్ కంట్రీలో సెకను ఆలస్యానికి 0.4 పెనాల్టీ పాయింట్లు. ఒకసారి ఆగితే 20. అంటే ఒక్క రెఫ్యూజల్ ఖరీదు 50 సెకన్లు. అదే కంచె దగ్గర రెండోసారి ఆగితే ఇంకో 40, మూడోసారి ఇంటికే. మన బెంగళూరు ఫవాద్ మిర్జా టోక్యో ఒలింపిక్స్‌లో కంచెలన్నీ శుభ్రంగా దాటి టైమ్‌కి 11.20 పెనాల్టీలు తెచ్చుకున్నాడు, అంటే 28 సెకన్ల ఆలస్యం. అయినా ఆఖరి రౌండుకు చేరిన 25 మందిలో ఉన్నాడు, చివరికి 23వ స్థానం. కాబట్టి కుర్ర గుర్రానికి మొదటి సీజన్‌లో టైమ్ గురించి ఆలోచించకండి. రెఫ్యూజల్ నష్టం పాయింట్లతో పోదు, 'ఆగితే పని తప్పుతుంది' అన్న పాఠం దాని బుర్రలో దిగిపోతుంది.

నీళ్ల సంగతి. 90 దూకేవాడు అరచెయ్యంత నీటికి ఆగడం మొండితనమని చాలామంది అనుకుంటారు, కాదు. ముక్కు కింద, కాళ్ల ముందు ఉన్నది గుర్రానికి సరిగా కనబడదు. తల దించి చూస్తేనే లోతు అంచనా వేసుకుంటుంది. మీరేమో ఆ క్షణంలోనే పగ్గాలు బిగిస్తారు. కాబట్టి 15–20 సెంటీమీటర్లకు మించని, అడుగు గట్టిగా ఉన్న నీళ్లు వెతకండి. బురదలో ఒక్కసారి కాలు దిగబడితే నెలల పని పోతుంది. నిమ్మళంగా ఉండే పెద్ద గుర్రం ముందు నడవాలి, మీది రెండు గుర్రాల దూరంలో వెనక. పగ్గాలు పొడవుగా వదిలేయండి, వాసన చూడనివ్వండి, కాలితో మాత్రం మెల్లగా ఒత్తుతూనే ఉండండి. వెనక్కి తిరగనివ్వొద్దు, అదొక్కటే గీత. దిగాక మధ్యలో ఓ నిమిషం నిలబెట్టి మెడ తట్టండి. నడక పది సార్లయ్యాకే ట్రాట్ (మెల్లటి పరుగు). నీళ్లలోకి దూకడం ఈ నెలలో వద్దే వద్దు, బయటికి ఎక్కే గట్టు అయితే 30 సెంటీమీటర్లు చాలు.

డిచ్ కూడా అంతే: 40 సెంటీమీటర్ల వెడల్పు, నడకలో. మొదటిసారి నాలుగు కాళ్లూ గాల్లోకి లేపి జింకలా ఎగురుతాడు. అప్పుడు నోట్లో కళ్ళెం లాగేస్తే ఇక డిచ్ అంటే నొప్పి అని గుర్తుంచుకుంటాడు. గుర్రం మెడకి స్ట్రాప్ కట్టి దాన్నే పట్టుకోండి. మీ చూపు అవతలి చెట్టు మీద ఉండాలి, డిచ్‌లోకి కాదు.

రికాబు_73:
పగ్గాలు గుంజితే ఉరకడం ట్రాక్ గుర్రాల మామూలు గుణం. జాకీ పగ్గాలు బిగిస్తే దానికి 'ఆనుకుని పరుగెత్తు' అని అర్థం. ఎంత లాగితే అంత ఆనుకుంటుంది, మీ చేతులు అలిసిపోతాయి తప్ప అది ఆగదు. పదునైన కళ్ళెం మార్చడం తప్పుదారి. క్యాంటర్‌లో (గ్యాలప్ కన్నా నెమ్మది పరుగు) 20 మీటర్ల వలయం వేసి, మీ నడుము నిటారుగా తెచ్చి, ఒక అడుగు మాత్రం పగ్గాలు పట్టి వెంటనే వదలండి. వదలడమే అసలు సంకేతం. అలా ప్రతి నాలుగైదు అడుగులకి. కంచె ముందు ఆరేడు అడుగుల్లో పట్టి వదలడం అయిపోవాలి, చివరి మూడు అడుగుల్లో చేతులు కదపకండి.

స్పీడు: మీ మైదానంలో 200 మీటర్లు టేపుతో కొలిచి జెండాలు పాతండి. ఆ దూరం 34 సెకన్లయితే నిమిషానికి 350 మీటర్లు, 30 సెకన్లయితే 400. ఇప్పుడు 350 దాటొద్దు. మూడేసి నిమిషాల క్యాంటర్ మూడు సార్లు, మధ్యలో మూడేసి నిమిషాల నడక, నాలుగు రోజులకోసారి. స్టాప్‌వాచ్ పని అంతే. మీ శరీరానికి ఆ వేగం గుర్తుండిపోతే పోటీలో చూడక్కర్లేదు.

ఒక జాగ్రత్త. వేసవిలో మన ఎర్రమట్టి నేల కాంక్రీటులా బిగుసుకుంటుంది. తర్వాతి ఉదయం, పనికి ముందు, ముందరి కాలి మోకాలి కింద వెనకవైపు స్నాయువుని (టెండన్) బొటనవేలు, చూపుడువేలి మధ్య పెట్టి పైనుంచి కిందికి జారవిడవండి. రెండు కాళ్లూ పోల్చండి. ఒకదానిలో వేడి, పట్టుకోగానే కాలు లాక్కోవడం ఉంటే వారం దూకడం బంద్, డాక్టర్‌కి చూపించండి. సైస్ (గుర్రాన్ని చూసుకునే మనిషి) 'ఏం లేదు సార్' అన్నా మీ వేలు మీరే పెట్టండి.

చెన్నై_ఉప్పు:
వయసు గురించి ఎవరూ అనలేదు. పాస్‌పోర్టులో జనవరి 1న ఒక ఏడు కలుస్తుంది, ఏప్రిల్‌లో పుట్టిన గుర్రం జనవరిలో 'ఐదేళ్లు' అయినా నిజానికి నాలుగేళ్ల తొమ్మిది నెలలే. వెన్నెముక ఎముకలు ఐదు దాటాకే పూర్తిగా గట్టిపడతాయి. వారానికి రెండు దూకే రోజులు చాలు, రోజుకి ఇరవై ముప్పై దూకులు మించొద్దు. ఫ్రాన్స్‌లో లె లియోన్ డాంజెర్స్‌లో జరిగే కుర్ర గుర్రాల ప్రపంచ పోటీ కూడా ఆరు, ఏడేళ్ల వాటికే.

డ్రెస్సాజ్‌ని తక్కువ చేయకండి. వచ్చిన మార్కుల శాతాన్ని 100 నుంచి తీసేస్తే పెనాల్టీ: 65 శాతం వస్తే 35. జంపింగ్‌లో కంచె మీది పోల్ (కర్ర) పడితే 4, డ్రెస్సాజ్‌లో ఐదు శాతం మెరుగైతే అంతకు మించి లాభం. ఆ ఐదూ ఖచ్చితమైన 20 మీటర్ల వలయాలతో, హాల్ట్‌లో (ఆగి నిలబడటంలో) నిలకడతో వస్తాయి, కొత్త విద్యలేమీ అక్కర్లేదు.

ఎండ సంగతి: క్రాస్ కంట్రీ ముగిశాక చల్లటి నీళ్లు ఒంటినిండా పోస్తూనే ఉండండి, గీకి ఆరబెట్టి మళ్లీ పోయడంలో సమయం పోతుంది. పోసిన నీరు వేడెక్కి కారిపోవాలి, ఆ వేడే బయటికి పోవలసింది. గుండె వేగం పది పదిహేను నిమిషాల్లో నిమిషానికి 64కి దిగాలి. దిగకపోతే వెట్‌ని పిలవండి. ఉప్పు రోజుకి గుర్రం బరువులో ప్రతి 100 కిలోలకు 10 గ్రాములు, దాణాలో.

యలహంక_ట్రాట్:
చాలా థ్యాంక్సండీ. ఒకటే సందేహం. ముందు గుర్రం ఉంటే నీళ్లు దాటుతున్నాడు, ఒంటరిగా అయితే ఆగుతున్నాడు. విప్ వాడాలా?

డెక్కలచప్పుడు:
వాడితే ఆగిన క్షణంలోనే, మీ కాలి వెనక ఒక్కసారి, అంతే. ఆలస్యంగా కొడితే ఎందుకో దానికి తెలియదు. కానీ అసలు పని ముందు గుర్రాన్ని మెల్లగా దూరం జరపడం: రెండు గుర్రాల దూరం, తర్వాత ఐదు, తర్వాత అవతలి ఒడ్డున నిలబెట్టడం, ఆఖరికి అసలు లేకుండా. నాలుగు వేర్వేరు చోట్ల ఒంటరిగా తొలిసారే దిగితేనే ఎంట్రీ ఇవ్వండి. లేదంటే ఆ క్లాస్ 60 సెంటీమీటర్లకి మార్చుకోండి. అదీ కుదరకపోతే డ్రెస్సాజ్, జంపింగ్ చేసి క్రాస్ కంట్రీకి విత్‌డ్రా అవ్వండి, గేటు దగ్గర చెప్తే చాలు.