గ్రిప్ బాగుండాలి, టైరు తొందరగా అరగకూడదు: ఏం చూసి కొనాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మా కారు టైర్లు దాదాపు గుండు అయిపోయాయి, మార్చక తప్పదు. సైజు 195/65 ఆర్15. ఇంట్లోవాళ్లం తిరిగే మామూలు కారే, స్పీడుగా నడిపే అలవాటు లేదు. కానీ తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే జారినట్టుంటోంది, అదే టెన్షన్. పట్టు బాగుండాలి, అలాగని ఇట్టే అరిగిపోయేవీ వద్దు. ఒక టైరు మీద ట్రెడ్‌వేర్ (అరుగుదల గ్రేడు) 300 అని, ఇంకోదాని మీద 500 అని ఉంది. 500 ఉన్నది తీసుకుంటే సరిపోతుందా? కాస్త వెడల్పువి వేస్తే గ్రిప్ పెరుగుతుందని కూడా అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

మొదటి సభ్యుడు:
500 తీసుకోండి. అంకె ఎక్కువుంటే ఎక్కువ రోజులు వస్తుంది. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

రెండో సభ్యుడు:
ఉందండీ. ఆ అంకె అమెరికా నిబంధన ప్రకారం వేసేది. 100 గ్రేడు ఉన్న ఒక ప్రామాణిక టైరుతో పోల్చి, మామూలు రోడ్ల మీద సుమారు 11,500 కిలోమీటర్లు నడిపి, అరుగుదల కొలిచి, మిగతాది లెక్కగడతారు. గ్రేడు ఇచ్చుకునేది కంపెనీయే. అందుకే ఒక కంపెనీ 500ని ఇంకో కంపెనీ 400తో పోల్చి తేల్చేయకూడదు. ఒకే కంపెనీ టైర్లలో ఏది ఎక్కువ మన్నుతుందో చూసుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

దాని పక్కనే ట్రాక్షన్ అని ఏఏ, ఏ, బీ, సీ గ్రేడు కూడా ఉంటుంది, అందరూ దాన్ని వదిలేస్తారు. అది తడి తారు, తడి సిమెంటు మీద తిన్నగా బ్రేకు వేసినప్పటి పట్టు. మీ సమస్య అదే కాబట్టి ముందు చూడాల్సింది దాన్నే. ఏ కంటే తక్కువది మీరు కొనకండి. మలుపులో పట్టు ఎలా ఉంటుందో మాత్రం ఆ గ్రేడు చెప్పదు. ఐరోపా లేబుల్ ఉన్న టైరైతే ఇంకా మంచిది. అందులో తడి పట్టుకు ఏ నుంచి ఈ వరకు విడిగా గ్రేడు ఉంటుంది. ఏ గానీ బీ గానీ చూసుకోండి. ఆ లేబుల్‌లో అరుగుదల సంగతి ఉండదు, అందుకని రెండూ కలిపి చూడాలి.

అసలు చిక్కల్లా రబ్బరులోనే ఉంది. మెత్తటి రబ్బరు రోడ్డు గరుకులోకి దిగి పట్టుకుంటుంది, కానీ తొందరగా అరుగుతుంది. గట్టిది మన్నుతుంది గానీ అంత పట్టుకోదు. రబ్బరులో సిలికా కలపడం పెరిగాక ఈ పేచీ కొంత తగ్గింది, పోలేదు. 700 ట్రెడ్‌వేర్, అదిరిపోయే గ్రిప్, రెండూ ఒకే టైరులో అని ఎవరైనా చెబితే నేనైతే నమ్మను. మీలాంటి వాడకానికి ట్రాక్షన్ ఏ లేదా ఏఏ ఉండి, ట్రెడ్‌వేర్ 400 దరిదాపుల్లో ఉన్న టూరింగ్ టైరు (మామూలు ప్రయాణాలకు చేసేది) సరిపోతుంది.

వెడల్పు మాట పక్కన పెట్టండి. పొడి రోడ్డు మీద కొంత లాభం ఉండొచ్చు గానీ, నిలిచిన నీటి మీద వెడల్పు టైరు తొందరగా తేలిపోతుంది. మీ భయం తడి రోడ్డు గురించే కదా. పైగా మీ 195/65 బదులు కాస్త వెడల్పైన 205/65 వేస్తే టైరు వ్యాసం సుమారు 13 మిల్లీమీటర్లు పెరుగుతుంది, స్పీడోమీటరు అసలు కంటే కాస్త తక్కువ చూపిస్తుంది. సైజు తర్వాత ఉండే 91హెచ్ లాంటిది కూడా చూడండి. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోల వరకు బరువు మోయగలదని, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకు తట్టుకుంటుందని. కారు పుస్తకంలో ఉన్నదానికంటే తక్కువది వేయకూడదు.

మొదటి సభ్యుడు:
నాది 500 టైరే. వానలో ఎప్పుడూ జారలేదు మరి!

రెండో సభ్యుడు:
దాని ట్రాక్షన్ గ్రేడు బాగుండి ఉంటుంది. 500 వద్దని నేను అనలేదండీ, అదొక్కటే చూడొద్దన్నాను.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండీ. ఇప్పుడే కిందికెళ్లి చూశాను. ముందు రెండు టైర్లు లోపలి అంచున నున్నగా అయిపోయాయి, బయటివైపు గాళ్లు బాగానే ఉన్నాయి. వెనకవి కాస్త నయం. రెండే మార్చి ముందు వేసుకోవచ్చా?

రెండో సభ్యుడు:
ఈ సంగతి ముందే చెప్పాల్సింది! ఒకే అంచు అరిగిందంటే అలైన్‌మెంట్ (చక్రాలు ఉండాల్సిన కోణం) తప్పి ఉంటుంది, లేదా సస్పెన్షన్‌లో ఏదో భాగం వదులై ఉంటుంది. అది సరిచేయకుండా ఎంత మంచి టైరు వేసినా అదే అంచు మళ్లీ పోతుంది. కాబట్టి ముందు సస్పెన్షన్ చూపించండి. తర్వాత కొత్త టైర్లు వేయించి, అదే రోజు అలైన్‌మెంట్ చేయించండి.

రెండే కొంటే కొత్తవి వెనక వేయించండి. ముందు చక్రాలే లాగే కారైనా సరే. తడి మలుపులో వెనక పట్టు తప్పితే కారు గిర్రున తిరిగిపోతుంది, మామూలుగా నడిపేవాళ్లు దాన్ని అదుపు చేయలేరు. అయితే ఇప్పుడు వెనక ఉన్నవి ముందుకు రావాలి కదా, వాటి గాళ్ల లోతు కొలిపించండి. కొత్త టైరుకు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. గాళ్ల మధ్య అడ్డంగా ఉండే గుర్తుల ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. అంతవరకూ అరిగేదాకా ఆగకండి. 3 దగ్గరకొచ్చేసరికే నీళ్లు బయటికి తోసే శక్తి బాగా తగ్గిపోతుంది. వెనకవి అక్కడికి వచ్చేసి ఉంటే నాలుగూ మార్చేయండి.

మూడో సభ్యుడు:
ఇంకో మాట. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలు చూడకుండా డబ్బు కట్టకండి. 1824 అంటే 2024లో 18వ వారం తయారీ అని. ఏళ్ల తరబడి గోడౌన్‌లో పడున్నది కొత్తగానే మెరుస్తుంది, రబ్బరు మాత్రం గట్టిపడిపోతూ ఉంటుంది.

గాలి కూడా. టైరు గోడ మీద రాసి ఉండేది గరిష్ఠ ప్రెషర్, అంత కొట్టించకూడదు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. తక్కువైతే రెండు అంచులూ, ఎక్కువైతే మధ్యభాగం అరుగుతాయి. 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు ఒకసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించండి.

ప్రశ్న అడిగినవారు:
సరేనండీ, రేపు సస్పెన్షన్ చూపిస్తాను. నేను చూసిన ఒక మోడల్ మీద ఒకవైపు ఔట్‌సైడ్ అని రాసి ఉంది. అదేమిటి?

మూడో సభ్యుడు:
దాని గాళ్ల డిజైన్ లోపలివైపు ఒకలా, బయటివైపు ఒకలా ఉంటుంది. ఆ అక్షరాలు కారు బయటికి కనబడాలి, నాలుగింటికీ. కొన్నింటి మీద బాణం గుర్తు ఉంటుంది, అవి ఆ దిశలోనే తిరగాలి. వాటిని ముందు వెనకలే మార్చాలి, ఎడమ కుడి మార్చకూడదు. షాపు నుంచి బయల్దేరే ముందు నాలుగూ మీరే ఒకసారి చుట్టూ తిరిగి చూసుకోండి.