రోజూ పది నిమిషాల లెక్కలు: మీ తరగతిలో ఏది నిలబడింది?

దేవరకొండ_తండా_బడి
అందరికీ నమస్తే. మాది దేవరకొండ వైపు తండాలో ఏకోపాధ్యాయ పాఠశాల. ఐదు తరగతులకూ నేనొక్కడినే. ఒకటో తరగతికి అంకెలు దిద్దిస్తుంటే నాలుగో తరగతి ఖాళీగా కూర్చుంటుంది. అందుకే ప్రార్థన అయ్యాక పది నిమిషాలు అందరికీ కలిపి లెక్కలు పెడుతున్నా. గోడకు ఎక్కాల చార్టు, స్థానవిలువల చార్టు కట్టా. నెల తిరిగేసరికి వాటివైపు చూసేవాళ్లే లేరు. మీ దగ్గర ఏం పనిచేసిందో చెప్పండి.

పాలమూరు_మేడం
సార్, మా బడిలో నిలబడింది బియ్యం లెక్క. ప్రైమరీలో మధ్యాహ్న భోజనానికి పిల్లకు 100 గ్రాముల బియ్యం కదా. హాజరు తీసుకోగానే ఆ రోజు వంతు వచ్చిన ఇద్దరు పిల్లలు బోర్డు మూలన రాస్తారు: మొత్తం ఎందరు, రానివాళ్లు ఎందరు, బియ్యం ఎంత. వంట చేసే అక్క వచ్చి చూసుకుని వెళ్తుంది.

ఒకరోజు 38 మంది వచ్చారు. నాలుగో తరగతి పాప ‘3 కిలోల 80 గ్రాములు’ అని రాసింది. నేను దిద్దబోతుంటే అక్కే అడిగింది, “గీ ఎనబై గ్రాములు ఒక్క పోరనికన్న సరిపోతయా బిడ్డా? కడమ ఏడుగురేం తినాలె?” అని. పాప బోర్డు ముందే నిలబడి వేళ్ల మీద వందలు లెక్కపెట్టుకుంది, 80 చెరిపి 800 రాసింది. ఆ సున్నా విలువ నేను ఎన్నిసార్లు చెప్పినా అంత గట్టిగా నాటేది కాదు.

మిర్యాలగూడ_యూపీఎస్
బాగుంది మేడం. మా ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు 150 గ్రాములు. 22 మంది వస్తే 2200, అందులో సగం 1100, మొత్తం 3300. గుణకారం వేయకుండా ఇలా నోటితోనే చెప్పేస్తున్నారు.

నల్లగొండ_గణితం
నాది పుల్లల పద్ధతి. బడి నడిచిన ప్రతి రోజుకూ ఒక చీపురుపుల్ల డబ్బాలో వేస్తాం. పది కాగానే రబ్బరు వేసి కట్ట కడతాం, పది కట్టలైతే ఒక పెద్ద కట్ట. కట్ట కట్టే రోజు కోసం పిల్లలు ఎదురుచూస్తారు.

ఈ కట్టల వల్లే ఒక పిల్లవాడి ఇబ్బంది బయటపడింది. 42లోంచి 17 తీసేయమంటే ఎప్పుడూ 35 అనేవాడు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచే రెండు తీసేసేవాడు. వాడు ‘అశ్రద్ధ’ అని నేను చాలా రోజులు అనుకున్నా, అది నా పొరపాటు. నాలుగు కట్టలు, రెండు పుల్లలు చేతికిచ్చి 17 ఇవ్వమన్నా. ముందు ఒక కట్ట ఇచ్చాడు. ఇంకా ఏడు కావాలి, చేతిలో విడి పుల్లలు రెండే. కాసేపు నా మొహం చూసి మెల్లగా ఇంకో కట్ట రబ్బరు తీశాడు. రెండు కట్టలు, ఐదు పుల్లలు మిగిలాయి.

సూర్యాపేట_రిటైర్డ్_మాస్టర్
ఇవన్నీ మంచివే. కానీ ఎక్కాలు నోటికి రాకపోతే పైతరగతుల్లో భాగహారం దగ్గర పిల్లలు కూలబడిపోతారు. పొద్దున్నే గొంతెత్తి చదివించడం మానకండి.

నల్లగొండ_గణితం
మానట్లేదు మాస్టారూ. కానీ వరసలో చదివినవాళ్లు ఏడెనిమిదులు అడిగితే ఏడొకట్ల నుంచి మొదలుపెడుతున్నారు. అందుకే చదివాక ఐదు ప్రశ్నలు కలిపి అడుగుతా. ఏడు నాలుగులు 28 తెలిస్తే దాన్ని రెట్టింపు చేసి 56 అనొచ్చని చూపిస్తా. తొందరపెట్టను. టైం పెట్టి అడిగితే వెనకబడ్డవాళ్లు టెన్షన్‌తో నోరే తెరవరు.

దేవరకొండ_తండా_బడి
మా దగ్గర భాష చిక్కు కూడా ఉంది. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, 2022-23 నుంచి బడిలో ఇంగ్లీష్ మీడియం. థర్టీన్ అంటే 30 రాస్తారు. ‘ఒక పది, మూడు ఒకట్లు’ అని చెప్పాకే పేరు చెప్పిస్తున్నా. ఇక పుల్లల కట్టలు చేతికిచ్చి చెప్పిస్తా.

పాలమూరు_మేడం
పనికోసం ఊరు విడిచిన ఇళ్ల పిల్లలు మా దగ్గర నెలల తరబడి రారు. తిరిగొచ్చినప్పుడు పాఠం అందదు కానీ, హాజరు లెక్కలో మొదటి రోజే కలిసిపోతారు. వాళ్ల వంతు ముందుకు జరుపుతాను.

చార్టుల సంగతి: ఒకసారి పిల్లల పక్కన నేల మీద కూర్చుని చూడండి సార్. నేను కూర్చుంటే దూలం కింద కట్టిన చార్టులో ఒక్క అంకె కనబడలేదు. ఇప్పుడు కిటికీ అంచు కిందే గోడకు నల్లరంగు వేయించాం. ఆ రోజు తేదీ 17 అయితే, 17 ఎన్ని రకాలుగా వస్తుందో ఎవరికి తోచింది వాళ్లు రాస్తారు. సాయంత్రం చెరిపేస్తాం.

దేవరకొండ_తండా_బడి
ఇవాళ కూర్చుని చూశా మేడం. మీరన్నది నిజమే. చార్టులు దించేశా. రేపు బియ్యం లెక్కతో మొదలు. ఐదో తరగతి పిల్లలు రాస్తారు, ఒకటో తరగతి వచ్చినవాళ్లను లెక్కపెడుతుంది.