ఇంటర్ చదివే పిల్లలున్నవాళ్ళు ఒకసారి ఇటు చూడండి

తార్నాక అమ్మ:
కళ్ళు కనపడని ఒక డిగ్రీ అబ్బాయికి పరీక్ష రాసిపెట్టే మనిషి కావాలని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. ఎమ్మే చేశాను కదా, నేనే రాస్తానని ఫోన్ చేశాను. 'మీరు పనికిరారు మేడమ్' అని నవ్వాడు. స్క్రైబ్‌ను మనమే తెచ్చుకుంటే వాళ్ళ చదువు మనకంటే ఒక మెట్టు తక్కువుండాలట! చివరికి ఇంటర్ చదివే మా అమ్మాయి వెళ్ళింది. మూడు గంటల పేపర్, పైన గంటకు 20 నిమిషాల చొప్పున ఎక్కువ టైమ్. అంటే నాలుగు గంటలు.

ఇంటికొచ్చి వేళ్ళు విరుచుకుంటూ ఒకటే కబుర్లు. జవాబంతా అతని బుర్రలో పేరాలతో సహా ఉంటుందట. 'ఇక్కడ పేరా మార్చు చెల్లీ, ఆ మాట కింద గీత గియ్యి' అంటాడట. ఒకచోట బ్యాంకుల జాతీయకరణ 1968 అన్నాడు. 1969 అని దీనికి తెలుసు. అయినా నోరు మూసుకుని 1968 అనే రాసింది. దిద్దితే అది అతని పరీక్ష కాదు కదా. రాత్రి అన్నం దగ్గర కూడా అదే గోల: 'ఒక్క అంకె అమ్మా!'

మీరు చేసినవి, మీకు ఎవరైనా చేసినవి చెప్పండి. చిన్నవే.

ఉప్పల్ బస్‌పాస్:
నాకు చేసినది చెప్తా అక్కా. పోయిన వానాకాలం నాన్నకు డెంగీ. ప్లేట్‌లెట్లు 5 రోజులకు మించి నిల్వ ఉండవు, కాబట్టి సీజన్‌లో అవి ఇచ్చే మనుషుల్ని వెతుక్కోవాల్సిందే. రాత్రి పదకొండింటికి శంషాబాద్ నుంచి బండి మీద ఒకాయన వచ్చాడు. గంటకు పైగా మెషిన్ దగ్గర పడుకున్నాడు. పెట్రోల్ డబ్బులిస్తే తీసుకోలేదు. అడిగింది ఒక్కటే, ఫోన్ చార్జర్. 'ఇంట్లో టెన్షన్ పడుతుంది అన్నా.'

వాదన మాస్టారు:
మంచిదే. కానీ ఆస్పత్రిలో ఉండాల్సిన ఏర్పాటు లేక మనం మొహమాటాల మీద బతుకుతున్నాం. దీన్ని లోకం బాగుపడటం అంటే నేనొప్పుకోను.

అఫ్జల్‌గంజ్ పాతకాపు:
మాస్టారూ, 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు మా ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు నాటినవాడు వరద కోసం నాటాడా?

వాదన మాస్టారు:
మరి మిగతా వేలమంది? చెట్టు సరిపోలేదనే కదా 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ కట్టింది.

అఫ్జల్‌గంజ్ పాతకాపు:
నిజమే. అయితే ఆనకట్ట లేచేదాకా చెట్టు కావాలి కదా సార్. పైగా ఆ చెట్టు ఇంకా ఉంది, వచ్చి చూడండి, చాయ్ నాది.

సరూర్‌నగర్ రంజన్:
నాది కొంచెం పరువు తక్కువ కథ. ఏప్రిల్‌లో గేటు బయట రెండు మంచినీళ్ళ రంజన్లు (మట్టికుండలు) పెట్టాను. నెలలో మూడు స్టీలు గిలాసలు పోయాయి. ఒళ్ళు మండి నాలుగోదానికి గొలుసు కట్టాను. మర్నాటి నుంచి తాగేవాళ్ళే తగ్గారు. రోజూ ఆగే ఆటో ఆయన్ని అడిగితే, 'గొలుసు చూస్తే దొంగని అన్నట్టుంది సేటూ' అన్నాడు. సిగ్గేసింది. గొలుసు తీసేసి ప్లాస్టిక్ మగ్గు పెట్టాను. అదీ పోయింది. మళ్ళీ కొన్నాను. ఇప్పుడు నెలకొక మగ్గు నా బడ్జెట్, మా ఆవిడకు తెలియదు.

కొండాపూర్ నైట్‌షిఫ్ట్:
ఒక్క మాట. రోడ్డు మీద దెబ్బ తగిలినవాణ్ణి ఆస్పత్రిలో చేర్చడానికి పోలీసుల భయంతో ఆగకండి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, సాయం చేసినవాళ్ళను పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. నేను ఇద్దరిని చేర్చాను, రెండుసార్లూ ఎవరూ ఏమీ అనలేదు. రెండోసారి మాత్రం షిఫ్టుకి లేటని మా లీడ్ అన్నాడు.

తార్నాక అమ్మ:
అందరికీ థాంక్స్. మాస్టారూ, మీ మాటలో నిజముంది. ప్రతి కాలేజీలో స్క్రైబ్‌ల లిస్టు ఉంటే ఈ అబ్బాయికి నా ఫోన్‌తో పనేముంది? అది లేదు కాబట్టే ఇక్కడికొచ్చాను. వచ్చే గురువారం అతనికి ఇంకో పేపర్. ఆ రోజు మా అమ్మాయికి ప్రాక్టికల్స్. తెలుగు మీడియమే, రాత గుండ్రంగా లేకపోయినా పర్వాలేదు, స్పీడ్ ఉంటే చాలు. మీ ఇంట్లో ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి.

వాదన మాస్టారు:
మా మనవడు ఇంటర్ ఫస్టియర్. రాత ఘోరం, స్పీడుంది. మెసేజ్ పెట్టాను, చూడమ్మా.