సమస్య: కన్ను లరచేతఁ బట్టియుఁ గాంచెఁ గాంత

పద్యాల పందిరి (నిర్వాహకుడు):
నిన్న రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో పాత యూరప్ చిత్రాలు తిరగేస్తుంటే ఈ పాదం వచ్చి ఒళ్ళో పడింది. పొద్దున్నకి మరిచిపోతానేమోనని కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను.

కన్ను లరచేతఁ బట్టియుఁ గాంచెఁ గాంత

దీన్ని చివరి పాదంగా ఉంచి, ముందు మూడు పాదాలు మీరు రాయాలి. ఒకటే షరతు. పూరణ అక్కడి చిత్రాల్లోంచే రావాలి. కాళహస్తి నుంచి కన్నప్పను లాక్కురావద్దు, నేను కాంత అన్నాను.

గోదారి గట్టు:
బోణీ నాదే.

పూవు రెమ్మగ నేత్రముల్ పూచినట్లు
చిత్రకారుఁడు కోసా రచించె లూసిఁ
బసిఁడి పూఁతపై; ముఖమున వంత లేదు
కన్ను లరచేతఁ బట్టియుఁ గాంచెఁ గాంత

ఫ్రాన్సెస్కో దెల్ కోసా 1473-74 ప్రాంతంలో బొలోన్యాలోని సాన్ పెట్రోనియో చర్చి కోసం వేసిన క్రైస్తవ పునీతురాలు సెయింట్ లూసీ. ఒక చేతిలో తాటాకు లాంటి మట్ట, ఇంకో చేతిలో సన్నటి కాడ. కాడ చివర మొగ్గలుండాల్సిన చోట రెండు కళ్ళు.

డీసీ దోసె:
గట్టు గారూ, అది ఇప్పుడు మా ఊళ్ళోనే ఉంది, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో. ఎత్తు మూడడుగులు కూడా లేదు. మా అబ్బాయి దాని ముందు నిలబడి "అమ్మా, ఈవిడకి నాలుగు కళ్ళా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మొహంలో రెండు ఉండనే ఉన్నాయి కదా, మరి చేతిలోవి ఎవరివి?

పద్యాల పందిరి (నిర్వాహకుడు):
ఆమెవే. స్వర్గానికి వెళ్ళిన వాళ్ళకి ఒళ్ళు మళ్ళీ నిండుగా వస్తుందని వాళ్ళ నమ్మకం. చేతిలోది గుర్తు మాత్రమే. శంఖచక్రాలు చూసి విష్ణువు, వేలాయుధం చూసి సుబ్రహ్మణ్యుడు అనుకోమూ? అలాగే కళ్ళుంటే లూసీ, పళ్ళెంలో రొమ్ములుంటే అగాథా, ముళ్ళ చక్రం పక్కనుంటే కేథరిన్. మట్ట మాత్రం అందరి చేతుల్లోనూ ఉంటుంది, అది మతం కోసం ప్రాణమిచ్చిన వాళ్ళ గుర్తు. చదువు రాని భక్తుడు కూడా బొమ్మ చూసి ఎవరికి మొక్కుతున్నాడో తెలుసుకునేవాడు.

కాకినాడ కాజా:
నడక బాగుంది, "పూవు రెమ్మగ" మరీ బాగుంది. మెచ్చుకోవడం అయిపోయింది కాబట్టి అసలు మాటకొస్తాను. కోసా బొమ్మలో ఆ కాడ వేళ్ళ మధ్య ఉంది. అరచేయి ఎక్కడ? సమస్యలో ముడి అంతా "అరచేత" దగ్గరే కదా. బొమ్మ సగం చూసి పద్యం పూర్తిగా రాయడం గట్టు గారికి కొత్త కాదు. సంక్రాంతి సమస్యలో పాపం ఇంకో పునీతుడు సెబాస్టియన్‌ని ఏం చేశారో గుర్తుందా?

అమ్ముల పొదిని మేనుగా నసువు లిడెను

ఆయన బాణాలకి చావలేదండీ. చచ్చాడనుకొని వాళ్ళు వదిలేసి పోతే ఐరీన్ అనే ఆవిడ గాయాలు మాన్పింది. ఆ తర్వాత దుడ్డుకర్రలతో కొట్టి చంపారు.

గోదారి గట్టు:
ఆ సంగతి అప్పుడే ఒప్పుకున్నాను, ఆరు నెలలైంది. చిత్రకారుడు మాంతెన్యా మూడుసార్లు వేశాడు ఆయన్ని, మూడుసార్లూ బాణాలతోనే. చూసిన వాడెవడైనా అదే అనుకుంటాడు. ప్లేగు వచ్చినప్పుడల్లా జనం ఆయనకి మొక్కింది కూడా ఆ బాణాలు చూసే. దుడ్డుకర్రలు ఎవరికి కావాలి? అయినా ఇక్కడ సమస్య కళ్ళు. మీ పూరణ ఏదీ?

కాకినాడ కాజా:
ఇదిగో. కళ్ళు ఆమెవే అయి ఉండాలని ఎవరన్నారు?

నూరు కన్నుల యార్గసు నొడలు గూల
నెమలి పింఛమునకుఁ గూర్చ నిశ్చయించి
ఏరి యేరి యా దేవేంద్రు నింతి జూనొ
కన్ను లరచేతఁ బట్టియుఁ గాంచెఁ గాంత

కొలోన్‌లో ఉన్న రూబెన్స్ బొమ్మ, 1610 నాటిది. ముందు తల లేని ఆర్గస్ మొండెం, పక్కన ఎర్ర దుస్తుల్లో రోమన్ల దేవతల రాణి జూనో, నెమళ్ళు, వాటితో ఆడుకునే పసివాళ్ళు.

బడిపంతులు:
భలే! కళ్ళు పరాయివాడివి చేసేసరికి, కళ్ళు చేతిలో ఉంటే చూడడమెలా అన్న విరోధం దానంతటదే పోయింది. ఇలాంటి చోటే పూరణ కొట్టాలి. ఆవుగా మారిన అయో అనే ఆమెకి కాపలా ఉన్న ఆర్గస్‌ని మెర్క్యురీ అనే దేవుడు నిద్రపుచ్చి తల నరికితే, ఆ కళ్ళని జూనో తన నెమలి పింఛంలో పొదిగిందని రోమన్ కవి ఓవిడ్ కథ. మనకి "నెమలి కన్ను" అనే మాట ముందే ఉంది కాబట్టి తెలుగులో ఇంకా బాగా అతికింది.

అదే నెమలి క్రైస్తవుల బొమ్మల్లోకి వచ్చేసరికి వేషం మారుస్తుంది. దాని మాంసం కుళ్ళదని పూర్వం నమ్మకం, అందుకని చావులేనితనానికి గుర్తయింది. ఫ్రా ఆంజెలికో, ఫిలిప్పో లిప్పీల పేర్ల మీదున్న గుండ్రటి పటంలో బాలయేసు పుట్టిన కొట్టం కప్పు మీద కూర్చున్నది ఆ నెమలే. దోసె అమ్మా, అదీ మీ వాషింగ్టన్‌లోనే ఉంది, ఈసారి అబ్బాయికి చూపించు.

గోదారి గట్టు:
పంతులు గారు మెచ్చారు కాబట్టి నేనూ మెచ్చాను. రెండు చిన్న ముళ్ళు. మూడో పాదంలో "ఇంతి", నాలుగులో "కాంత", ఉన్నది ఒకే ఆవిడ. పునరుక్తి. రెండోది, జూనో మొగుడు జూపిటర్ని దేవేంద్రుడు చేసేశారు. ఒంటి నిండా వెయ్యి కళ్ళున్న మొగుణ్ణి ఇంట్లో పెట్టుకొని, ఆ మహాతల్లి ఊరి మీద పడి వంద కళ్ళు ఏరుకోవడమెందుకో?

కాకినాడ కాజా:
😀 దీనికి జవాబు స్నానం చేసొచ్చి చెప్తా.

మొదటి అడుగు:
అందరికీ నమస్కారం. ఇక్కడ నా మొదటి పద్యం, చాలా టెన్షన్‌గా ఉంది. తప్పులుంటే చెప్పండి.

పళ్లెరమ్మున రెండు నేత్రములు మెఱయ
మోము నందున్న కన్నులు మూయకుండ
జుర్బరాను కుంచె రచించు చోద్య మిదియ
కన్ను లరచేతఁ బట్టియుఁ గాంచెఁ గాంత

గోదారి గట్టు:
రండి రండి. "మోము నందున్న కన్నులు మూయకుండ" అన్న పాదంతో దోసె గారబ్బాయి ప్రశ్న పద్యంలోకి వచ్చేసింది. ఒక్కటే జారింది, మొదటి పాదం యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన జత అక్షరం. "ప"కి "త్ర" ఎలా కుదురుతుంది? "పళ్లెరమ్మున నేత్రముల్ పరిఢవిల్ల" అని చూడండి. "రెండు" పోతుంది, పోనివ్వండి, మూడు ఎలాగూ ఉండవు.

కాకినాడ కాజా:
జుర్బరాన్ అనే ఆ చిత్రకారుణ్ణి స్పెయిన్ వాళ్ళు "థుర్బరాన్" అంటారు. అప్పుడు "చోద్య"తో యతి ఏం కావాలి?

పద్యాల పందిరి (నిర్వాహకుడు):
కాజా గారూ, తెలుగువాడి నోట్లో పలికిందే యతి. కొత్తవాళ్ళని బెదరగొట్టకండి.

మొదటి అడుగు:
యతి సరిచేసుకున్నాను గట్టు గారూ, ధన్యవాదాలు. ఇంతకీ లూసీ కళ్ళు ఎవరు పీకారండీ?

బడిపంతులు:
పాత కథలో ఎవరూ పీకలేదమ్మా! 304లో సిరక్యూస్‌లో చంపారంటారు. 13వ శతాబ్దపు పునీతుల కథల పుస్తకం "గోల్డెన్ లెజెండ్"లో కూడా ఎడ్లు కట్టి లాగినా ఆమె కదలకపోవడం, గొంతులో కత్తి దిగడం ఉన్నాయి, కళ్ళ ఊసు లేదు. లూసీ అన్న పేరు లాటిన్‌లో వెలుగు అనే మాట నుంచి వచ్చింది. వెలుగన్నాక చూపు, చూపన్నాక కళ్ళు. అలా ముందు బొమ్మలోకి కళ్ళొచ్చాయనీ, అవి చేతిలోకి ఎందుకొచ్చాయో చెప్పడానికి పీకిన కథ తర్వాత పుట్టిందనీ నా అనుమానం. 1608లో కారవాజ్జో ఆమె సొంత ఊళ్ళోనే ఆమెను పాతిపెట్టే దృశ్యం వేశాడు. అందులో పళ్ళెమూ లేదు, కాడా లేదు. ముందు గొయ్యి తవ్వే ఇద్దరు భారీ మనుషులు, వాళ్ళ వెనక నేల మీద చిన్నగా ఆమె.

కాకినాడ కాజా:
వచ్చేశా. ఇంతి పోయింది, ఇంద్రుడూ పోయాడు. జూనోని గ్రీకు పేరుతో పిలిచాను. మూడో పాదం ఇలా మార్చుకోండి:

ఏరి యొకటొక్కటిగఁ దీసి హేర మురిసి

గోదారి గట్టు:
"ఏ"కి "హే" చెల్లుతుంది, ఒప్పుకున్నాను. కానీ రూబెన్స్ బొమ్మలో పక్కనున్న ఆవిడ కళ్ళు ఊడబెరుకుతుంటే జూనో అందుకుంటోంది. మరి ఏరి తీసింది ఎవరండీ? బొమ్మ సగం చూసి అని ఇందాక ఎవరో అన్నారు...